మహీలత – వెన్నెముక లేని సేద్యగాడు

తొలకరి పడి నేల తడిసిన మరునాటి ఉదయం బడి ఆవరణలోనో, పొలం గట్టుమీదనో, నీళ్ళతొట్టి ప్రక్కనో మెల్లగా ప్రాకిపోయే వానపామును చూడని తెలుగు పిల్లవాడుండడు. చూచి దానిని గూర్చి ఒక్క నిమిషం ఆలోచించినవాడు మాత్రం అరుదు. వానపాము కర్షకమిత్రమన్న వాక్యం తరతరాలుగా మన బడులలో వినిపిస్తున్నది. ఆ వాక్యాన్ని పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి మార్కులు సంపాదించిన విద్యార్థియే సాయంకాలం ఇంటికి పోతూ ఆ కర్షకమిత్రం దారిలో కనబడితే దానిపై ఉప్పు చల్లి వేడుక చూస్తాడు. మాట నోటికి వచ్చినది. ఆ మాటకు అర్థమైన ప్రాణి కంటికి ఆనలేదు.

మాటకు అర్థానికి ఎడబాటు కలిగినప్పుడు వాటిని కలపటం భాష చెప్పేవాని పని. అందుచేత జంతుశాస్త్రం నా వృత్తి కాకపోయినా ఈ చిన్న ప్రాణిని గూర్చి, దాని బంధువర్గాన్ని గూర్చి, గిద్దలూరు పరిసరాలను దృష్టిలో ఉంచుకొని నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

పేరులోని పాము

వానపాము పాము కాదు. పాముకు వెన్నెముక ఉన్నది, పుర్రె ఉన్నది, ఊపిరితిత్తి ఉన్నది. వానపామునకు ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. అది వానతోపాటు ఆకాశంనుండి పడేదీ కాదు. వాన పడినప్పుడు భూమిలోనుండి పైకి వచ్చేది. అయినా ఆకారసామ్యంచేత జనం దానిని పామన్నారు, ఆ పేరు తెచ్చిన జుగుప్సను ఆ దీనప్రాణి ఈనాటికీ మోస్తున్నది. చేపలు పట్టేవారికి మాత్రం దానిమీద ఏ జుగుప్సా లేదు. వారు దానిని ఎర్ర అని పిలిచి గాలానికి గ్రుచ్చుతారు.

సంస్కృత నిఘంటుకారుడు అమరసింహుడు దీనికి ఇంతకంటె అందమైన పేర్లు ఇచ్చాడు. మహీలత, గండూపదము, కించులుకము అనేవి అమరకోశంలోని పర్యాయపదాలు. మహీలత అంటే భూమి తీగ. మట్టిలో అల్లుకొని పోయే ఈ ప్రాణికి ఇంతకంటె తగిన పేరు మరొకటి దొరకదు. గండువులంటే ముడులు, ముడులే పాదాలుగా కలది గండూపదమని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఈ రెండవ పేరు కేవలం కవిసమయం కాదు. దాని దేహనిర్మాణం చూస్తే ఆ మాట ఎంత సార్థకమో తెలుస్తుంది.

ఉంగరాల దేహం

వానపాము దేహం ఉంగరాలు ఒకదాని ప్రక్క ఒకటి పేర్చినట్లుంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు చిన్న ఉంగరమనే అర్థంగల లాటిన్ మాటనుండి దీని వర్గానికి అనెలిడా అని పేరు పెట్టారు. మన దేశపు కళాశాలల్లో చిరకాలం పాఠ్యమైన ఫెరిటిమా పోస్థూమా అనే జాతిలో ఇటువంటి ఖండాలు నూటికి పైగా ఉంటవి. దీనిని ఇప్పుడు మెటాఫైరి అనే ప్రజాతిలో చేర్చి మెటాఫైరి పోస్థూమా అంటున్నారు. దాదాపు ప్రతి ఖండం చుట్టూ కంటికి ఆనని సన్నని ముళ్ళు ఉంటవి. వీటికి శూకాలని పేరు. దేహం ముందు భాగాన్ని సన్నగా సాగదీసి, అక్కడి శూకాలను మట్టిలో నాటి, వెనుక భాగాన్ని ముందుకు లాగుకోవటమే దాని నడక. ముడులే పాదాలన్న మాట ఇక్కడ అక్షరాల నిజమయినది. సందేహమున్నవారు వానపామును కాగితంమీద విడిచి చెవి దగ్గర పెట్టుకొంటే శూకాలు గీచుకొనే సన్నని చప్పుడు వినవచ్చును.

దానికి కన్నులు లేవు. చర్మంలోని కొన్ని కణాలే వెలుగును గుర్తిస్తవి. చెవులు లేవు, నేల అదిరితే మాత్రం తెలుసుకొంటుంది. ఊపిరితిత్తులు గాని మొప్పలు గాని లేవు. తడిగా ఉండే చర్మంగుండనే ప్రాణవాయువు నెత్తురులో కలుస్తుంది. దాని నెత్తురు కూడ మన నెత్తురువలె ఎర్రనిదే, ఎరుపుకు కారణం కూడ ఆ హీమోగ్లోబినే. భేదమేమంటే మనలో ఆ పదార్థం రక్తకణాలలో ఉంటుంది, వానపాములో అది ద్రవంలోనే కరగి ఉంటుంది. ఫెరిటిమాలో నెత్తురును త్రోసే గుండెలు నాలుగు జతలు.

చర్మమే ఊపిరి గనుక చర్మం ఎండితే ప్రాణం పోతుంది. దాని దేహంలో నూటికి సుమారు ఎనభై పాళ్ళు నీరే. ఉప్పు పడగానే ఆ నీరు వెలికి లాగబడుతుంది. పిల్లలు వినోదమనుకొని చూచే ఆ మెలికలు ఊపిరాడని ప్రాణి యొక్క యాతన. ఉపాధ్యాయుడు ఈ ఒక్క సంగతి తరగతిలో చెప్పగలిగితే ఎన్నో పిడికిళ్ళ ఉప్పు వంటింటి జాడీలోనే నిలిచిపోతుంది.

ఇంకొక దురభిప్రాయాన్ని కూడ తొలగించవలసి ఉన్నది. వానపామును రెండుగా త్రుంచితే రెండు వానపాములవుతవని పిల్లలు నమ్ముతారు. అది నిజం కాదు. తగినంత పొడవుతో తలవైపు ముక్క మిగిలితే కొన్ని జాతులలో దానికి తోక మళ్ళీ పెరుగవచ్చును. తోకవైపు ముక్క మాత్రం సాధారణంగా కొంతకాలం కదలి కదలి చనిపోతుంది.

ప్రతి వానపాములోను స్త్రీ పురుష లక్షణాలు రెండూ ఉంటవి. అయినా సాధారణంగా రెండు ప్రాణులు కలిసి బీజకణాలను మార్చుకొన్న తరువాతనే సంతానం కలుగుతుంది. దేహానికి ముందువైపున పట్టీ చుట్టినట్లు ఉబ్బి కనబడే భాగంనుండి ఊరిన జిగట పదార్థం గట్టిపడి చిన్న గూడవుతుంది. గ్రుడ్లు అందులో, ఆ గూడు తడిమట్టిలో. పిల్ల వెలికి వచ్చినప్పుడే తల్లిని పోలి ఉంటుంది. సీతాకోకచిలుకకువలె దానికి గొంగళి దశ లేదు.

ఈ ప్రాణి నిర్మాణాన్ని కూలంకషంగా పరిశోధించినవాడు మన దేశస్థుడే. లక్నో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యుడుగా ఉన్న కరమ్ నారాయణ్ బహల్ 1926లో ఫెరిటిమాను గూర్చి వెలువరించిన గ్రంథం భారతీయ జంతువులపై వెలువడిన పరిశోధన గ్రంథమాలలో మొదటిది. ఆయన కనిపెట్టిన విశేషాలలో ఒకటి మెట్టప్రాంతాల వారికి ప్రత్యేకంగా రుచిస్తుంది. చాల జీవులు మూత్రాన్ని దేహంవెలుపలికి విడుస్తవి. ఫెరిటిమాలో అనేక విసర్జక నాళాలు పేగులోనికి తెరచుకొంటవి. అందులోని నీటిని పేగు తిరిగి పీల్చుకొంటుంది. ఎండలు మండే దేశంలో ఒక్క నీటిబొట్టును కూడ వృథా పోనీయని గృహస్థధర్మం అది. చెరువులు త్రవ్వించి వాననీరు నిలిపిన మన పెద్దల బుద్ధి ఈ చిన్న ప్రాణి దేహంలో అంతకు ముందే నెలకొని ఉన్నది.

డార్విన్ చివరి పుస్తకం

జీవపరిణామ సిద్ధాంతకర్తగా లోకప్రసిద్ధుడైన చార్లెస్ డార్విన్ చివరి గ్రంథం సింహాలను గూర్చినది కాదు, మానవులను గూర్చినదీ కాదు. అది వానపాములను గూర్చినది. 1881లో ఆ పుస్తకం వెలువడింది. 1882 ఏప్రిల్‌లో ఆయన మరణించాడు. ఈ విషయంపై ఆయన తొలి వ్యాసం 1837లోనే లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో చదువబడింది. అంటే నలభైనాలుగేండ్లపాటు ఒక మహామేధావి మనస్సులో ఈ అల్పప్రాణికి చోటు దొరికినదన్నమాట.

ఆయన ఓర్పుకు ఒక నిదర్శనం చెప్తాను. 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గర పొలంలో సుద్దముక్కలు చల్లించాడు. 1871 నవంబరులో, అంటే 29 ఏండ్ల తరువాత, అక్కడ గోయి త్రవ్వించి చూచాడు. తెల్లని సుద్దముక్కల వరుస నేలకు 7 అంగుళాల లోతున కనబడింది. సుద్దను ఎవరూ పాతిపెట్టలేదు. వానపాములు ఏటేటా అడుగుమట్టిని మ్రింగి పైకి తెచ్చి కుప్పలుగా విడువగా, ఆ సన్నని మట్టిక్రింద సుద్ద మెల్లమెల్లగా దిగిపోయినది. ఇంగ్లండులోని అనేక ప్రాంతాలలో ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల దేహాలగుండ పోయి నేలమీదికి వస్తున్నదని ఆయన లెక్క కట్టాడు. మన నీలగిరులనుండి పంపిన వానపాము మట్టికుప్పలను కూడ ఆయన తూచి చూచాడు.

ఆ మట్టికి ఉన్న మహిమ ఏమిటి? వానపాము ఆకుచెత్తను, పేడను, మట్టిని కలిపి మ్రింగుతుంది. దానికి పండ్లు లేవు గాని తిరుగలివంటి గట్టి కండసంచి ఉన్నది. మ్రింగినది అక్కడ నలుగుతుంది, పేగులో సూక్ష్మజీవుల సహాయంతో మారుతుంది. వెలికి వచ్చే మట్టిలో నత్రజని, భాస్వరం, సున్నం మొక్కలకు అందే రూపంలో చుట్టుప్రక్కల మట్టిలోకంటె ఎక్కువగా ఉంటవి. ఆ మట్టి గింజలు గింజలుగా ఉండి వానకు తేలికగా కొట్టుకొని పోదు. వానపాము పోయిన దారి గొట్టమై మిగులుతుంది. ఆ గొట్టంగుండ గాలి వేళ్ళకు చేరుతుంది, వాననీరు నేలలోనికి ఇంకుతుంది. నాగలి జానెడు లోతు దున్నుతుంది. మహీలతలలో కొన్ని జాతులు అంతకంటె చాల లోతుకు పోతవి. వాటికి మేత లేదు, కూలి లేదు, డీజిలు లేదు.

మన నేల, మన వాన

ఈ సంగతులన్నీ చల్లని, తడి దేశాలకు సరిపోతవి గాని మాకేమి అని పశ్చిమ ప్రకాశంవారు అడుగవచ్చును. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ సగిలేటి ఒడ్డున గిద్దలూరు. ఉత్తరాన కంభం దగ్గర గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర కాలపు చెరువు. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దానిని వారసత్వ కట్టడంగా గుర్తించింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. చెరువుల క్రింది మాగాణిని మినహాయిస్తే ఇక్కడి సేద్యం చాలవరకు ఆకాశంమీద ఆధారపడినదే. ఎర్రనేలలు ఎక్కువ, నీరు నిలువదు, ఏడాదిలో పెక్కు నెలలు నేల పొడిగా ఉంటుంది.

ఇటువంటి చోటనే వానపాము పని విలువైనది. ఏడాదికి నాలుగు మంచి వానలే పడే నేలలో ఆ నాలుగు వానలూ పొలంలో ఇంకుతవా, వాగులో పడి పోతవా అన్నదే పంటకు ప్రాణసంకటం. చిల్లులు లేని గట్టినేలమీద పడిన జడివాన మట్టిని కూడ వెంట తీసుకొని పోతుంది. చిల్లులున్న నేల దానిని త్రాగుతుంది. ఆ చిల్లులు పెట్టేవారిలో వానపాము ఒకటి.

మరి ఎండకాలంలో అది ఏమవుతుంది? దక్షిణభారతపు పొలాలలో విరివిగా కనబడే లాంపిటో మారిషియై వంటి జాతులు నేల ఎండేకొద్ది లోతుకు దిగుతవి. అటువంటి వానపాములలో పెక్కు తడి మిగిలిన చోట చిన్న గది చేసికొని, జిగటతో గోడలు పూసి, ఉండవలె చుట్టుకొని నిద్రపోతవి. తొలకరి తడి క్రిందికి దిగినప్పుడు మేల్కొంటవి. కప్పవలె అదీ వానకోసం తపస్సు చేసే ప్రాణియే.

కాని ఆ తపస్సుకు కూడ కొంత ఆధారం కావాలి. నేలమీద ఆకు, అలము, పేడ ఉంటేనే దానికి ఆహారం. వాటి నీడ ఉంటేనే తడి. పశువులు తగ్గి పేడ తగ్గింది. కోత కాగానే కంది, ప్రత్తి కంపకు నిప్పు పెట్టటం పెరిగింది. పదేపదే లోతుదుక్కి, విచక్షణలేని పురుగుమందు, కలుపుమందు వీటి సంఖ్యను తగ్గిస్తవని పరిశోధనలు చెప్తున్నవి. కర్షకమిత్రమని పాఠం చెప్తున్న బడి ప్రహరీ కావలనే ఆ మిత్రం నశిస్తుంటే, పాఠం ఎవరికి చెప్పినట్లు?

వానపాము ఎరువును గూర్చి కూడ ఒక మాట. వర్మీకంపోస్టు తయారుచేయటానికి పెంచే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే అనే జాతులు చెత్తలో, పేడకుప్పలో బ్రతికేవి. అవి నేలపైపొరలో చెత్త తినే తరగతివి. లోతు మట్టిలో సేద్యం చేసేవి కావు. వాటిని కొని తెచ్చి ఎండిన మెట్టపొలంలో వదలితే అవి బ్రతుకవు. ఎరువు కొనవచ్చును గాని సేద్యగాణ్ణి కొనలేము. నేలకు కప్పు, పేడ, కొంత తడి ఏర్పరిస్తే ఊరి వానపాములే తిరిగి వస్తవి. ఆంధ్రప్రదేశ్‌లో 2016నుండి రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో నేలను ఆకుతోనో పైరుతోనో ఎప్పుడూ కప్పి ఉంచుమని చెప్పటంలోని అంతరార్థం ఇదే.

తొలకరి చుట్టాలు

వెన్నెముక లేని జీవులను అకశేరుకాలంటారు. లోకంలోని జంతుజాతులలో నూటికి తొంభైఅయిదుకు పైగా ఇవే. మనం జంతువులనగానే తలచుకొనే ఆవు, పులి, నెమలి, పాము, చేప అన్నీ కలిసినా మిగిలిన అయిదు పాళ్ళలోనివే.

తొలకరికి వచ్చే చుట్టాలలో పిల్లలకు ప్రియమైనది ఆరుద్ర పురుగు. జూన్ 22 ప్రాంతాన ఆరుద్ర కార్తె ప్రవేశిస్తుంది. ఆ రోజులలో తడిసిన ఇసుకనేలమీద పట్టుగుడ్డ ముక్కవలె కదలుతూ కనబడుతుంది. దానిని పురుగంటున్నాము గాని దానికి కాళ్ళు ఎనిమిది. కనుక అది చీమకంటె సాలీడుకు దగ్గరి చుట్టం. పసితనంలో మిడతల వంటి కీటకాల దేహాలను అంటిపెట్టుకొని బ్రతుకుతుంది, పెరిగిన తరువాత మట్టిలోని చిన్నప్రాణులను తింటుంది. కార్తె పేరుతో ఒక ప్రాణిని పిలిచిన రైతు పంచాంగాన్ని పుస్తకంలో కంటె నేలమీద ఎక్కువగా చదివాడని దీనివలన తెలుస్తున్నది.

రోకలిబండను జెర్రిని చూచి పిల్లలు ఒకే విధంగా భయపడతారు. రోకలిబండకు చాల ఖండాలలో రెండేసి జతల కాళ్ళుంటవి. తాకితే చుట్టుకొని పడుకొంటుంది, రాలిన ఆకు తిని మట్టి చేస్తుంది, కరవదు. జెర్రికి ఖండానికి ఒకే జత. అది వేటగత్తె, దానికి విషమున్నది. ఒకదానిని విడిచిపెట్టవలెను, రెండవదానికి దూరముండవలెను. ఈ వివేకం నేర్పటం కూడ చదువే.

చెదపురుగును మనం పుస్తకాలకు శత్రువుగానే ఎరుగుదుము. కాని మెట్టనేలలో వానపాములు తక్కువైన చోట ఆ పనిని చాలవరకు చెదలు, చీమలే నెరవేరుస్తవి. ఆస్ట్రేలియాలో పొడినేలపై జరిపిన ఒక పరిశోధనలో చీమలు, చెదలు ఉన్న మళ్ళలో అవి లేని మళ్ళకంటె గోధుమ దిగుబడి 36 శాతం ఎక్కువగా వచ్చినట్లు 2011లో ప్రకటించారు. అవి చేసిన కన్నాలగుండ నీరు ఇంకటం ఒక కారణం. మన పుట్టలలోని చెదలలో కొన్ని జాతులు తమ గూటిలో బూజును పంటగా పెంచుకొంటవి. వానలు పడగానే ఆ పంట పుట్టనుండి గొడుగై మొలుస్తుంది. పుట్టగొడుగన్న తెలుగుమాటలో ఈ జీవశాస్త్రం మొత్తం ఇమిడి ఉన్నది! దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు కూడ చెదలే. క్రొత్త పుట్టలకు రాజులు రాణులు కావలసినవి వాటిలోనుండే వస్తవి.

నల్లమల నీలమణి

గిద్దలూరు పేరు లోకంలోని జంతుశాస్త్రజ్ఞులకు తెలిసినది మరొక అకశేరుకంవలన. 1899లో పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక పెద్ద సాలీడును వర్ణించి దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ నమూనా అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వేవారి కలప నిలువచేసే చోట దొరికినది. ఉజ్జ్వలమైన నీలివర్ణం గల ఆ సాలీడు ఆ తరువాత నూరేండ్లపాటు శాస్త్రలోకానికి మళ్ళీ కనబడలేదు. ఈ శతాబ్దారంభంలో దాని నిజమైన ఇల్లు నంద్యాల గిద్దలూరుల నడుమనున్న అడవి అని తేలింది. బహుశా కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

అది చెట్ల తొర్రలలో ఉంటుంది, రాత్రివేళ కీటకాలను వేటాడుతుంది. దాని నీలిమ రంగుపదార్థం వలన కలిగినది కాదు. వెంట్రుకలలోని అతిసూక్ష్మ నిర్మాణంవలన వెలుగు చెదరి అట్లా కనబడుతుంది. తొర్రలున్న ముసలిచెట్టు కూలితే దాని ఇల్లు కూలినట్లే. ఆ అందమే దానికి శత్రువు కూడ అయినది. ఇళ్ళలో పెంచుకొనే విదేశీయుల వేడుకకోసం ఈ జాతి అంగడి సరుకైనది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008లో దీనిని తీవ్రమైన అపాయంలో ఉన్న జాతిగా పేర్కొన్నది. 2019లో దీని ప్రజాతిని మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలో చేర్చారు. నల్లమలలో పులి ఉన్నదని మనం గర్వపడుతున్నాము, గర్వపడవలసినదే. పులి ఇతర అడవులలోనూ ఉన్నది. ఈ నీలమణికి మాత్రం తూర్పు కనుమల ఈ అడవులు తప్ప వేరే పుట్టినిల్లు లేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి

మార్కాపురం పలకమీద అక్షరాలు దిద్దిన తరాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నవి. పలకవంటిదే నేల కూడ. చదువ నేర్చినవానికి దానిమీద వ్రాత కనబడుతుంది. ఈసారి మంచి వాన కురిసిన రెండు మూడు రోజులకు విద్యార్థులను వెంటబెట్టుకొని మూడు చోట్లకు పోండి. ఒకటి పేడయెరువు వేసి ఆకు కప్పిన తోట, రెండవది కంప కాల్చిన చేను, మూడవది చెట్టునీడ. పొలం యజమాని అనుమతితో ఒక్కొక్క చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట త్రవ్వి ఆ మట్టిని గోనెపట్టామీద పరచి వానపాములెన్నో లెక్కపెట్టించండి. జెర్రికి, తేలుకు జాగ్రత్తపడండి. లెక్క పుస్తకంలో ఎక్కించి, ప్రాణులను తడిమట్టితో కప్పి, తెచ్చిన చోటనే విడిచిపెట్టించండి. వచ్చే ఏడు అదే కార్తెలో అదే చోట మళ్ళీ లెక్కించండి.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు, కోత కత్తి అక్కరలేదు, ఖర్చు లేదు. అయిదేండ్లు ఈ పని ఒక బడిలో సాగితే ఆ ఊరి నేల బాగుపడుతున్నదో చెడిపోతున్నదో ఆ బడిపిల్లలే ఊరి పెద్దలకు చెప్పగలరు. లెక్కపెట్టటానికి అలవాటుపడిన చేయి ఉప్పు చల్లటానికి లేవదు. కర్షకమిత్రమన్న మాట అప్పుడు పరీక్షకోసం కంఠస్థం చేసిన మాటగా కాక, తాము చూచి, ఎంచి, తిరిగి మట్టికి అప్పగించిన ఒక ప్రాణి పేరుగా వారి మనస్సులో నిలుస్తుంది.